ఓటీపీ చెప్పించుకున్నవారే జవాబూ చెప్పాలి: ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చైర్మన్ గారికి, సభ్యులకు,
భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ),
నానక్‌రామ్‌గూడ, హైదరాబాద్.

నమస్కారం.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నంలో నేను ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, ఉద్యోగ దరఖాస్తులతో పాటు ఈ మధ్య నా బల్ల మీదకు ఎక్కువగా వస్తున్న పని బీమా. బండి బీమా రెన్యువల్ చేయించుకోవడానికి వస్తారు. ఫోనులో ఎవరో అమ్మిన ఆరోగ్య పాలసీని ప్రింటు తీయించుకోవడానికి వస్తారు. క్లెయిము తిరస్కరిస్తూ ఇంగ్లిష్‌లో వచ్చిన ఉత్తరాన్ని చదివించుకోవడానికీ వస్తారు. కొనడం, క్లెయిము పెట్టడం, ఏడవడం మూడూ ఒకే కంప్యూటర్ ముందు చూస్తున్నవాడిగా మీకు ఒక వినతిపత్రం పంపాను. అందినట్టు ఎస్సెమ్మెస్ వచ్చింది. ఆపై ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మీరు చేసిన మంచిని కాదనను. 2024లో తెచ్చిన నిబంధనలతో పాలసీ నచ్చకపోతే వెనక్కి ఇచ్చే గడువు 30 రోజులైంది. నగదు రహిత చికిత్సకు గంటలో అనుమతి తేల్చాలన్నారు, డిశ్చార్జి వేళ తుది అనుమతికి 3 గంటలకు మించి పట్టకూడదన్నారు. ఆరోగ్య పాలసీని ప్రశ్నించడానికి కంపెనీలకున్న కాలాన్ని 8 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు తగ్గించారు. వీటితో మేలు పొందిన కుటుంబాలు మా ఊళ్లోనూ ఉన్నాయి. అయితే ఇవన్నీ పాలసీ చేతికొచ్చాక పనికొచ్చే రక్షణలు. నా ఫిర్యాదు దానికి ముందు గడిచే పది నిమిషాల గురించి. లింకు తెరవడం నుంచి ఓటీపీ చెప్పడం దాకా ఇంటర్నెట్‌లో బీమా అమ్మకమంతా ఆ కాసేపట్లోనే ముగిసిపోతుంది. ఆ కాసేపట్లో అమ్మినవారు ఏం చెప్పారో, ఏం దాటవేశారో రుజువు చేయాల్సిన భారం మాత్రం ఏళ్ల తర్వాత కొన్నవారి నెత్తిన పడుతోంది.

నేను చూస్తున్నవి ఇవి.

1. ఫారం నింపింది ఒకరు, శిక్ష మరొకరికి

మా బాబాయికి ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది. వయసు అరవైకి దగ్గర పడింది. పాలసీల ధరలు పోల్చి చూపే ఒక వెబ్‌సైటులో ఫోను నంబరు ఇచ్చారు, ఇచ్చిన కాసేపటికే కాల్ వచ్చింది. అవతలి అమ్మాయి చక్కని తెలుగులో మాట్లాడింది. షుగర్, బీపీ ఏమైనా ఉన్నాయా అని అడిగింది. "బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటానమ్మా" అన్నారు ఆయన. "ఈ వయసులో అది మామూలేనండి, ఇబ్బందేమీ ఉండదు. ఇప్పుడొక ఓటీపీ వస్తుంది, చెప్పండి" అంది. ఫోను స్పీకర్‌లో ఉండటంతో దుకాణంలో ఉన్నవారందరూ విన్నారు.

పాలసీ మెయిల్‌కు వచ్చింది. ఇంగ్లిష్‌లో పొడుగాటి పీడీఎఫ్, దాని చివరి పేజీల్లో ప్రపోజల్ ఫారం, అంటే ఆయన పేరిట నింపిన దరఖాస్తు. అందులో రక్తపోటు ఎదురుగా 'నో' అని ఉంది. రెండో ఏడాది ఆయన గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చింది. విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చాక నగదు రహిత చికిత్సకు అనుమతి నిరాకరించారు. కొన్నేళ్లుగా బీపీ ఉందని కేస్ షీటులో డాక్టరు రాసిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని, ముఖ్యమైన విషయం దాచిపెట్టారంటూ క్లెయిమును తిరస్కరించారు. పాలసీనీ రద్దు చేశారు. ఆసుపత్రి బిల్లు దుకాణం మీద తెచ్చిన అప్పుతో కట్టారు. ఆ సీజనులో ఆయన సరుకు తెచ్చుకోలేకపోయారు.

కాల్ రికార్డింగు ఇవ్వండని అడిగాం. అది సంస్థ సొంత రికార్డు, ఇవ్వడం కుదరదని వెబ్‌సైటువారు చెప్పారు. అమ్మేటప్పుడు ఎవరేం మాట్లాడారో మాకు తెలియదు, మీరు ఓటీపీతో ఆమోదించిన ఫారమే మాకు ఆధారం అని బీమా కంపెనీ చెప్పింది. మీ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదు కింద కంపెనీ అదే జవాబును అతికించింది, ఫిర్యాదు పరిష్కారమైనట్టు మూతపడింది.

ఒక్క విషయం ఆలోచించండి. ఆ అమ్మకమే చెల్లదని కంపెనీ తేల్చింది. మరి దాని మీద ముట్టిన కమిషన్ మాత్రం ఎలా చెల్లుతుంది? దాన్ని ఎవరైనా వెనక్కి ఇచ్చారేమో మాకెవరూ చెప్పలేదు. బాబాయి కట్టిన ప్రీమియం పోయింది, రక్షణ పోయింది, దాచిపెట్టాడన్న మచ్చ ఇంకో కంపెనీకి దరఖాస్తు పెట్టినప్పుడల్లా వెంట వస్తుంది. తెర మీద 'నో' నొక్కిన చేతికి పైసా నష్టం లేదు. నష్టం లేనంత కాలం ఆ చెయ్యి అలాగే నొక్కుతూ ఉంటుంది.

జీవిత బీమాలో 1938 నాటి బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటితే పాలసీని ప్రశ్నించడానికి లేదు. ఆరోగ్య బీమాలో మోసం రుజువైతే తప్ప అయిదేళ్ల తర్వాత ప్రశ్నించకూడదు. ఆ గడువు లోపే జబ్బు పడ్డవారికి దిక్కెవరు? కంపెనీలపై ఫిర్యాదులు విని తీర్పు చెప్పే బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, పరిహారం పరిమితి కూడా 50 లక్షలకు పెరిగింది. 2021 సవరణతో బ్రోకర్లూ ఆ పరిధిలోకి వచ్చారు, వీడియోలో విచారణకు వీలు కలిగింది. మంచి ఏర్పాటే. కానీ అక్కడా చూసేది కాగితమే. ఒకవైపు ఓటీపీ పడిన ఫారం, మరోవైపు ఎరువుల కొట్టు మనిషి నోటిమాట. రికార్డింగు లేకుండా ఆ మాటకు బలమెక్కడిది?

మీ 2023-24 వార్షిక నివేదికే తీసుకోండి. ఆరోగ్య బీమాలో సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయల క్లెయిములు ఉంటే, చెల్లించింది 83 వేల కోట్ల పైచిలుకు. తిరస్కరించినవి సుమారు 10,900 కోట్లు. పాలసీ షరతుల పేరు మీద కోత పడింది ఇంకో 15,100 కోట్లు. వీటిలో ఫోనులో వేరొకరు నింపిన ఫారాల వల్ల పోయిన డబ్బు ఎంతో విడదీసి చూపితేనే రోగం ఎక్కడుందో తెలుస్తుంది.

2. బండి బీమాలో జారిపోయే 15 లక్షలు

2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి షోరూములోనే అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే వర్తించేది) కట్టించుకుంటున్నారు. అందువల్ల చాలామంది బీమాను తమంతట తాము కొనేది అయిదేళ్లు నిండాకే, అదీ ఇంటర్నెట్‌లోనే. అక్కడ పోటీ అంతా ధర మీదే. ధర తక్కువగా కనిపించడానికి కొన్ని సైట్లు చేస్తున్న పని మీ అధికారులు ఒకసారి నా పక్కన కూర్చుంటే చూపిస్తాను.

బండి యజమానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 15 లక్షలు ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. అంత మొత్తానికి వేరే పాలసీ ఇప్పటికే ఉన్నవారికే దాని నుంచి మినహాయింపు. కొన్ని సైట్లలో ఆ పెట్టె టిక్కు లేకుండానే తెరుచుకుంటుంది. కిందికి జరిపి చూస్తే 'నాకు ఇప్పటికే ప్రమాద బీమా ఉంది' అన్న కారణం ముందే ఎంచి ఉంటుంది. దాంతో ధర కొన్ని వందలు తగ్గి కనబడుతుంది. కొనేవారి కళ్లు ధర మీదే ఉంటాయి. లేని పాలసీ ఉందన్న ప్రకటన మాత్రం వారి పేరిట నమోదైపోతుంది. రాత్రివేళ బండి జారి పడి ఆ మనిషి పోతే, ఎదుటి వాహనం లేదు కాబట్టి థర్డ్ పార్టీ బీమా నుంచి రూపాయి రాదు. ఆ 15 లక్షలూ రావు. పాలసీ ఉంది కదా అని ఆ ఇల్లాలు నా దగ్గరకు కాగితం పట్టుకొస్తే ఏం చెప్పాలి?

3. అసలు ధర తెలియకపోవడమే నకిలీలకు పెట్టుబడి

థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ప్రభుత్వం ఖరారు చేస్తుంది, ఏ కంపెనీ దాన్ని తగ్గించడానికి వీల్లేదు. 2022 జూన్‌లో ఖరారైన ధర ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అయినా వాట్సాప్‌లో అందులో సగం ధరకే బండి బీమా అంటూ ప్రకటనలు తిరుగుతుంటాయి. అచ్చం అసలు కాగితంలా పీడీఎఫ్ వస్తుంది. తనిఖీలో పట్టుబడితే తొలిసారి జరిమానా 2,000. దాన్ని ఎలాగో కట్టేస్తారు. ప్రమాదం జరిగితే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది, అది యజమాని పొలం మీదో ఇంటి మీదో పడుతుంది. పోయినవారి కుటుంబానికీ ఆ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తెలియదు. ధర ఇంతకంటే తక్కువ ఉండదన్న ఒక్క ముక్క ఊరూరా చెప్పి ఉంటే ఈ మోసం సగం ఆగేది.

4. ముందే టిక్కు పెట్టిన పెట్టెలు

ప్రయాణ బీమాను ముందే ఎంచి ఉంచకూడదని 2019లో మీరే ఆదేశించారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వెబ్‌సైట్లలో, యాప్‌లలో 13 రకాల మాయదారి డిజైన్లను నిషేధించింది. లేని తొందర పెట్టడం, బుట్టలో చెప్పకుండా వస్తువు చేర్చడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం ఆ పదమూడింటిలో ఉన్నాయి. ఆరోగ్య బీమా పేజీలో 'ఈ ధర ఇంకా కొద్ది నిమిషాలే' అంటూ తిరిగే గడియారాన్ని మా కుర్రాడు రెండో ఫోనులో తెరిచాడు. అక్కడది మళ్లీ మొదటి నుంచి మొదలైంది. 'నా కుటుంబానికి రక్షణ వద్దు' అని రాసి ఉన్న చిన్న లింకు నొక్కితే తప్ప వెనక్కి వెళ్లే దారి లేదు.

రైలు టికెట్టుతో వచ్చే ప్రయాణ బీమా మరో రకం సమస్య. 45 పైసలకు 10 లక్షల రక్షణ అంటే ఎవరూ కాదనరు. కానీ నామినీ పేరు నింపే లింకు, టికెట్టు బుక్ చేసేటప్పుడు ఇచ్చిన ఫోను నంబరుకు, మెయిల్‌కు వెళ్తుంది. మాలాంటి ఊళ్లలో ఆ నంబరు చాలాసార్లు టికెట్టు తీసి పెట్టినవారిది. ప్రయాణం చేసేవారికి తమకు బీమా ఉందన్న సంగతే తెలియదు, ఇంట్లోవారికి అసలే తెలియదు.

5. 'టాప్' ఎవరు, 'బెస్ట్' ఎవరు?

ఏ ఆధారమూ చూపకుండా కొన్ని పాలసీలను మేలైనవిగా ముందు వరుసలో పెట్టడం తప్పని మీరు గుర్తించారు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్‌లో బీమా అమ్మే పాలసీబజార్‌పై వేసిన 5 కోట్ల జరిమానాకు కారణాల్లో అదొకటి. అది వెబ్ అగ్రిగేటర్‌గా, అంటే పాలసీలను పోల్చి చూపే సైటుగా ఉన్న కాలం నాటి తప్పులకు శిక్ష అంతకాలం తర్వాత పడింది. ఆలోగా ఆ వరుస చూసి కొన్నవారికి ఏం దక్కింది? జరిమానా ఖజానాకు చేరుతుంది. కొన్నవారికి కనీసం ఒక ఉత్తరమైనా పంపించి, మీ పాలసీని మరోసారి చూసుకోండి, కావాలంటే మార్చుకోండి అని ఎవరూ చెప్పరు.

6. నంబరు ఇచ్చిన పాపానికి

ధర చూడటానికి ఫోను నంబరు ఇవ్వాల్సిందే. ఇచ్చాక రోజుల తరబడి కాల్స్ ఆగవు. ప్రచారానికి 140, సేవలకు 1600 వరుస నంబర్లని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడదీసినా, మా వాళ్లకు వచ్చే కాల్స్ చాలావరకు మామూలు పది అంకెల నంబర్ల నుంచే. ఇది చికాకుతో పోయేది కాదు. 2024 సెప్టెంబరులో ఆరోగ్య బీమా కంపెనీ స్టార్ హెల్త్ ఖాతాదారుల వైద్య నివేదికలు, చిరునామాలు టెలిగ్రామ్ చాట్‌బాట్ల ద్వారా అడిగినవారికల్లా దొరుకుతున్నాయని వార్తా సంస్థ రాయిటర్స్ బయటపెట్టింది. తన దగ్గర 3.1 కోట్ల మంది వివరాలున్నాయని ఆ చాట్‌బాట్లు నడిపిన దొంగ చెప్పుకున్నాడు. ఒక మనిషి జబ్బు, వయసు, పాలసీ గడువు తెలిసినవాడు 'మీ బోనస్ మురిగిపోతోంది' అని ఫోను చేస్తే నమ్మనివారెవరు? డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేదాకా బీమా ఖాతాదారులను కాపాడాల్సింది మీరే.

7. భాష

పాలసీ ముఖ్యాంశాల పత్రాన్ని కోరినవారికి స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి నిబంధన ఉంది. కోరడానికి తెర మీద మీట ఎక్కడుందో నేను ఇంతవరకు చూడలేదు. అమ్మేటప్పుడు తెలుగు, ఒప్పించేటప్పుడు తెలుగు, తిరస్కరించేటప్పుడు ఇంగ్లిష్.

ఇక మేము కోరుతున్నవి.

అన్నిటికన్నా ముందు, కాల్ రికార్డింగు కొన్నవారి హక్కు కావాలి. ఫోనులో అమ్మిన ప్రతి పాలసీకి ఆ సంభాషణ లింకును పాలసీతో పాటే పంపాలి. ఆరోగ్య బీమాలో అయిదేళ్లు, జీవిత బీమాలో కనీసం మూడేళ్లు దాన్ని భద్రపరచాలి. రికార్డింగు చూపలేని పక్షంలో, విషయం దాచారన్న కారణంతో క్లెయిము తిరస్కరించే హక్కు కంపెనీకి ఉండకూడదు. ఈ ఒక్కటి చేసినా మిగతా సమస్యల్లో సగం వాటంతట అవే తగ్గుతాయి.

రెండోది, ఆరోగ్య ప్రశ్నలకు జవాబును అమ్మే వేదిక నింపకూడదు. డబ్బు తీసుకునే ముందు బీమా కంపెనీయే నేరుగా, కొనేవారి భాషలో, ఒక్కో ప్రశ్ననూ విడివిడిగా ఫోనుకు పంపి జవాబు తీసుకోవాలి. ఏ జవాబూ ముందే నింపి ఉండకూడదు. దరఖాస్తు ఆమోదించేదాకా డబ్బు కొనేవారి ఖాతాలోనే నిలిపి ఉంచే బీమా-ఆస్బా పద్ధతిని 2025 మార్చిలో మీరే తెచ్చారు. నా దగ్గరకు వచ్చేవారిలో దాని పేరు విన్నవారు కనబడలేదు. ప్రతి చెల్లింపు పేజీలో అది మొదటి వరుసలో కనిపించాలి.

మూడోది కమిషన్. విషయం దాచారని పాలసీ రద్దు చేసిన ప్రతిసారీ అమ్మిన వేదిక తన కమిషన్‌ను వెనక్కి కట్టాలి, తప్పు వేదికదేనని తేలితే కొన్నవారి నష్టాన్నీ భరించాలి. అక్రమ లాభాలను రాబట్టే అధికారం 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణతో మీకు దక్కింది. దాన్ని కొన్నవారి కోసం వాడండి.

బండి బీమాలో ప్రమాద కవరు మినహాయింపు కోరేవారు ఆ మరో పాలసీ నంబరు ఇచ్చాకే పేజీ ముందుకు కదలాలి. థర్డ్ పార్టీ ధర ఎంతో, నకిలీని ప్రభుత్వ వాహనాల రికార్డు 'వాహన్'లో ఎలా సరిచూసుకోవాలో తెలుగు పత్రికల్లో, ఆర్టీసీ బస్‌స్టాండ్లలో ప్రకటించాలి. ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

అలాగే ప్రతి మూడు నెలలకూ వెబ్‌సైటు వారీగా లెక్క బయటపెట్టాలి: ఎన్ని పాలసీలు అమ్మింది, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని క్లెయిములు విషయం దాచారన్న కారణంతో పోయాయి. కంపెనీల పనితీరు పోల్చుకోవడానికి అంకెలు దొరుకుతున్నప్పుడు, అమ్మేవారి పనితీరు ఎందుకు దొరకకూడదు? బీమా భరోసాలో కంపెనీ జవాబు అతికించగానే ఫిర్యాదు మూసేసే పద్ధతి కూడా పోవాలి. ఫిర్యాదు చేసినవారు ఒప్పుకున్నాకో, మీ అధికారి కారణం రాశాకో మాత్రమే మూయాలి.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాపై జీఎస్టీ పోయింది. 18 శాతం భారం తగ్గడంతో ఇంతవరకు బీమా ముఖం చూడనివారు కూడా ఫోను తీసి ధరలు చూస్తున్నారు. కూలీలు, ఆటో డ్రైవర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు. ఇంకోవైపు మీ పర్యవేక్షణలో, అన్ని కంపెనీల బీమానూ ఒకేచోట కొనేలా రూపొందుతున్న బీమా సుగం వెబ్‌సైటును అదే నెలలో హైదరాబాద్‌లో ఆవిష్కరించారు. ఆ వేదిక మీద కొనుగోళ్లు ఊపందుకోకముందే పై నిబంధనలు అందులో ఉండాలి. ప్రైవేటు సైట్లు అలవాటు చేసిన తెరలనే అక్కడా చూపితే కొత్త వేదిక కట్టి లాభమేమిటి?

కొత్త నిబంధనల ముసాయిదాలపై మీరు ప్రజాభిప్రాయం అడుగుతుంటారు. అవి ఇంగ్లిష్‌లో ఉంటాయి, జవాబిచ్చేది ఎక్కువగా కంపెనీలే. ఆన్‌లైన్ అమ్మకాలపై తదుపరి ముసాయిదాను తెలుగులోనూ పెట్టి, హైదరాబాద్‌లో ఒకటి, విశాఖపట్నంలో ఒకటి బహిరంగ విచారణలు జరపండి. తిరస్కరణ ఉత్తరాలు పట్టుకుని వచ్చేవారిని తీసుకొచ్చే పని నాది.

ఈ లేఖ ప్రతులను కేంద్ర ఆర్థిక సేవల విభాగానికి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు పంపుతున్నాను. 60 రోజుల్లో, ఒక్కో అంశానికీ విడిగా, లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాను. రాకపోతే వేదికల వారీగా ఫిర్యాదుల, తిరస్కరణల లెక్క ఇవ్వండంటూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాను.

ఇట్లు,
ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు,
నర్సీపట్నం, అనకాపల్లి జిల్లా.